ఫోను నిండిపోతోందా? మెమొరీ కార్డు కొనడం, పెట్టడం, కాపాడుకోవడం ఎలా

2024 ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదీ మేడారం జాతరకు వెళ్లాం. మా అక్క కొడుకుకు నిలువెత్తు బంగారం మొక్కు ఉంది. వాణ్ని తక్కెడలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం ముద్దలు ఒక్కొక్కటిగా పేరుస్తున్నారు. వాడి పళ్లెం నేల విడిచి లేచే క్షణం కోసం ఫోను పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అది కదిలే సమయానికి ‘స్టోరేజ్ నిండింది’ అని వీడియో ఆగిపోయింది. పాతవి తుడిచేద్దామంటే ఆ హడావుడిలో ఏది ఉంచాలో ఏది తీయాలో తోచలేదు. గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కిద్దామంటే ఆ జనంలో సిగ్నల్ అందలేదు.

జంపన్న వాగు దారిలో ఒక బండి మీద మెమొరీ కార్డులు కనబడ్డాయి. ‘‘అన్నా, 128 జీబీ మూడు వందలకే ఎలా వస్తుంది?’’ అని అడిగాను. ‘‘జాతర రేటు సార్, తీసుకోండి’’ అన్నాడు. తీసుకున్నాను. ఆ సాయంత్రం నుంచి అమ్మవార్ల వనప్రవేశం దాకా తీసినవన్నీ అందులోకే వెళ్లాయి. హనుమకొండ వచ్చాక తెరిచి చూస్తే మొదటి ఎనిమిది జీబీ మాత్రమే బాగున్నాయి. ఆ తర్వాతి ఫొటోల్లో పై సగం జనం, కింది సగం బూడిద రంగు. వీడియోలు తెరుచుకోనే లేదు. ఈ వ్యాసంలో ఉన్న సలహాల్లో సగం ఆ మూడు వందల రూపాయలకు నేను కొనుక్కున్నవే.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. పల్లెల్లో పెద్దల కాలంలో ఏ పూటకు వండే బియ్యం ఆ పూటకు వంటింట్లో ఉండేవి, ఏడాది గింజలు గుమ్మిలో ఉండేవి. ఫోను లోపలి స్టోరేజ్ వంటిల్లు, కార్డు గుమ్మి. యాప్‌లు, వాటి పని ఫోనులోనే జరగాలి. తీయడం అయిపోయిన ఫొటోలు, వీడియోలు, పాటలు, పుస్తకాలు కార్డులోకి పోవాలి. గుమ్మి దగ్గర కూర్చుని వంట చేయాలనుకున్నప్పుడే చిక్కులన్నీ మొదలవుతాయి.

మీ ఫోనుకు కార్డు పడుతుందా?

ఈ మధ్య వస్తున్న ఫోన్లలో చాలావాటికి కార్డు పెట్టే చోటే లేదు. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు మొదటి నుంచీ లేదు. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ వరుసలో 2021 నాటి ఎస్21 నుంచి తీసేశారు. తక్కువ, మధ్య ధరల ఫోన్లలో మాత్రం ఇంకా చాలావాటికి ఉంది. అందుకే ముందు ఫోనుతో వచ్చిన పిన్నుతో సిమ్ ట్రే బయటికి తీసి చూడండి. పిన్ను గుచ్చేటప్పుడు జాగ్రత్త: ట్రే పక్కన ఉన్న రంధ్రంలోనే గుచ్చాలి. కింది అంచున ఒంటరిగా ఉండే చిన్న రంధ్రం మైకుది. అందులో గుచ్చితే ఆ తర్వాత ఫోనులో మీ మాట అవతలివాళ్లకు వినబడకపోవచ్చు.

ట్రేలో మూడు గూళ్లు ఉంటే అదృష్టం. రెండు సిమ్‌లతో పాటు కార్డూ పడుతుంది. రెండే గూళ్లు ఉండి, రెండోదాని దగ్గర సిమ్ గుర్తు, కార్డు గుర్తు రెండూ ఉంటే అది హైబ్రిడ్ ట్రే. రెండో సిమ్ కావాలో కార్డు కావాలో మీరే తేల్చుకోవాలి. ములుగు, ఏటూరునాగారం వైపు తిరిగేవారు ఒక సిమ్‌కు సిగ్నల్ లేకపోతే మరోటి ఉంటుందని రెండు పెట్టుకుంటారు. అలాంటివారు సిమ్ వదులుకోవద్దు. ఛార్జింగ్ రంధ్రంలో పెట్టే టైప్-సి కార్డు రీడర్ ఒకటి కొనుక్కుని, వారానికోసారి కూర్చుని ఫొటోలు కార్డులోకి ఎక్కించుకుంటే సరిపోతుంది. అసలు గూడే లేని ఫోన్లకూ ఇదే దారి. నిజం చెప్పాలంటే ఇది కొంత మేలు కూడా, ఎందుకంటే ఫోను పోయినా కార్డు ఇంట్లో బీరువాలో ఉంటుంది.

ఫోను ఎంత పెద్ద కార్డు వరకు తీసుకుంటుందో దాని పెట్టె మీద గానీ, కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ రాసి ఉంటుంది. అంతకు మించి కొనకండి.

కార్డు మీద అక్షరాలు ఏం చెబుతాయి?

మీకు కావలసింది మైక్రో ఎస్డీ కార్డు. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1. చిటికెన వేలి గోరంత. కింద పడితే వెతకడానికి చీపురు తీసుకోవాల్సిందే.

కార్డు మీద ఇంకా చిన్న అక్షరాల్లో నాలుగైదు గుర్తులు ఉంటాయి. ఎస్డీహెచ్‌సీ అని ఉంటే అది 32 జీబీ వరకు ఉండేది. ఎస్డీఎక్స్‌సీ అంటే 32 దాటినది, 2 టీబీ (సుమారు రెండు వేల జీబీ) వరకు. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, చిన్న కార్డులు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ (ఫైళ్లు దాచుకోవడానికి సిద్ధం చేయడం, అప్పుడు లోపలివన్నీ తుడిచిపెట్టుకుపోతాయి) అయి ఉంటాయి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో ఒకే ఫైలుగా ఆరు జీబీ ఉంటే, కార్డులో చోటున్నా కాపీ కాదు. పెద్ద కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఈ బాధ ఉండదు. ఈ ఒక్క కారణానికైనా 64 జీబీకి తగ్గకండి.

ఇక వేగం. ఇంగ్లిష్ ‘సి’ అక్షరం చుట్టూ ఉండి లోపల 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని అర్థం. ‘యు’ అక్షరం గిన్నెలా ఉండి అందులో 1 ఉంటే అదే 10 ఎంబీ, 3 ఉంటే 30 ఎంబీ. ‘వి’ పక్కన 30 ఉన్నా సెకనుకు 30 ఎంబీయే. ‘ఏ1’, ‘ఏ2’ అనేవి చిన్న చిన్న ఫైళ్లను ఎంత చురుగ్గా చదువుతుందో, రాస్తుందో చెబుతాయి. ప్యాకెట్ మీద అన్నిటికన్నా పెద్దగా అచ్చేసే ‘సెకనుకు 100 ఎంబీ’ లాంటి అంకెను మాత్రం అంతగా పట్టించుకోకండి. అది సాధారణంగా చదివే వేగం. మీ వీడియో తెగకుండా రికార్డు కావాలంటే కావలసింది రాసే వేగం. దాన్ని చిన్న గుర్తులే చెబుతాయి, అవీ తక్కువలో తక్కువ ఎంతో చెబుతాయి.

మామూలు ఫొటోలు, ఫుల్ హెచ్‌డీ వీడియోలకు ‘యు’ లోపల 1, పక్కన ఏ1 ఉన్న కార్డు చాలు. 4కే వీడియో తీసేవారు ‘యు’ లోపల 3 గానీ, ‘వి’ పక్కన 30 గానీ ఉన్నది తీసుకోండి. వి60, వి90 రకాలు పెద్ద కెమెరాలవాళ్ల కోసం. ఫోనులో పెట్టి డబ్బు వృథా చేసుకోవద్దు.

ఎంత పెద్దది? లెక్క తేలికే. ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ తింటుంది. అంటే 64 జీబీ కార్డులో ఎనిమిది గంటల వీడియో పడుతుంది. ఫొటో ఒక్కటి 4 ఎంబీ అనుకుంటే పదహారు వేల ఫొటోలు. బతుకమ్మ తొమ్మిది రోజులూ తీసినా నిండదు. నా సలహా 128 దగ్గర ఆగమని. మరీ పెద్ద కార్డు ఒక్కటి చెడిపోతే పోయేది కూడా అంత పెద్దగానే పోతుంది.

కొన్న 64 జీబీ కార్డు కంప్యూటర్లో 59 చిల్లర చూపిస్తే దుకాణదారు మీద విరుచుకుపడకండి. కంపెనీ వెయ్యి ఎంబీలను ఒక జీబీగా లెక్కేస్తుంది, విండోస్ కంప్యూటర్ 1024ను లెక్కేస్తుంది. అదే కారణంతో 128 జీబీ కార్డు 119గా కనబడుతుంది.

నకిలీని పట్టుకోవడం

నకిలీ కార్డు ఎలా మోసం చేస్తుందో తెలిస్తే దాన్ని పట్టుకోవడం తేలిక. కార్డు లోపల సమాచారం దాచే చిప్పుతో పాటు, దాన్ని నడిపే ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. ఫోను ‘నీలో ఎంత చోటుంది?’ అని అడిగేది ఆ కంట్రోలర్‌నే. మోసగాళ్లు ఎనిమిది జీబీ చిప్పు పెట్టి, కంట్రోలర్‌తో 128 అని చెప్పిస్తారు. ఫోను నమ్ముతుంది. ఎనిమిది జీబీ నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చేవి పాతవాటి మీదే పడతాయి, లేదా గాల్లో కలుస్తాయి. ఫైలు పేరు కనబడుతుంది, సైజు కనబడుతుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి ఫోను సెట్టింగ్స్‌లో 128 అని చూసి మురిసిపోవడం వృథా. నేనూ అలాగే మురిశాను.

నిండా నింపి, నింపిందాన్ని తిరిగి చదివి చూడటమే అసలైన పరీక్ష. విండోస్ కంప్యూటర్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పనే చేస్తుంది. కొత్త కార్డును రీడర్‌లో పెట్టి, ఆ ప్రోగ్రాంలో కార్డును ఎంచుకుని, మొదలుపెట్టి వదిలేయండి. ఒక్కో జీబీ ఫైళ్లతో కార్డును నింపి, ఒక్కొక్కటే చదివి సరిచూస్తుంది. 64 జీబీకి గంటకు పైగా పట్టొచ్చు. చివర తేడా ఏమీ లేదని చెబితే కార్డు మంచిది. లైనక్స్‌లో, మ్యాక్‌లో ఇదే పనికి ఎఫ్3 ఉంది. పరీక్ష అయ్యాక ఆ ఫైళ్లు తుడిచేయండి. ఫొటోలు ఎక్కించక ముందు, కార్డు ఖాళీగా ఉన్నప్పుడే ఇది చేయాలి.

కంప్యూటర్ లేదా? కార్డును ఫోనులో పెట్టి, నాలుగైదు జీబీల వీడియోలున్న ఫోల్డర్‌ను దానిమీద మళ్లీ మళ్లీ కాపీ చేయండి. ఒక్కో కాపీకి ఒకటి, రెండు, మూడు అని పేరు పెట్టండి. కార్డు నిండాక దాన్ని సరైన పద్ధతిలో బయటికి తీసి, మళ్లీ పెట్టి, మొదటి ఫోల్డర్లోవి, మధ్యలోవి, చివరివి తెరిచి చూడండి. అన్నీ ఆడితే నిశ్చింతగా ఉండొచ్చు. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారే చేయాలి.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి, వారంలోపు ఈ పరీక్ష చేయండి. హనుమకొండ చౌరస్తాలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా మాట ఇదే. మిగతా దుకాణాల్లో ఉన్న ధరలో మూడో వంతుకే ఎవరైనా ఇస్తామంటే మాత్రం, పరీక్ష దాకా కూడా పోనక్కర్లేదు.

పెట్టడం

ఫోను పూర్తిగా ఆపేయండి. ఆపకుండానే పెట్టొచ్చని చాలామంది అంటారు. పెట్టొచ్చు కూడా. కానీ సిమ్ కూడా అదే ట్రేలో ఉంటుంది కాబట్టి ఆపడమే మంచిది. ట్రే లాగి పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. ఏనుమాముల మార్కెట్‌లో రోజంతా పత్తి, మిర్చి మధ్య తిరిగిన ఫోను ట్రే తెరిస్తే అంచుల్లో సన్నటి దుమ్ము పేరుకుని ఉండటం చూశాను. ఊదకండి, నోటి తేమ లోపలికి పోతుంది.

కార్డుకు ఒక వైపు చిన్న గాటు ఉంటుంది. గూడు ఆకారం కూడా అలాగే ఉంటుంది, కాబట్టి ఒకే తీరులో కూర్చుంటుంది. చాలా ఫోన్లలో తెర పైకి ఉన్నప్పుడు కార్డు బంగారు రంగు పట్టీలు కిందికి ఉండాలి. అనుమానం ఉంటే ట్రే మీద చెక్కిన బొమ్మ చూడండి. గూట్లో సమంగా కూర్చున్నాకే మెల్లగా తోయండి. ట్రే మధ్యలో ఆగితే బలం పెట్టకండి. బయటికి తీసి మళ్లీ సర్దండి. బలవంతం చేస్తే లోపలి సన్నటి తీగలు వంగిపోతాయి, ఆ రిపేరు ఖర్చు కార్డు ధరను మించిపోవచ్చు.

ఫోను అడిగే ఆ ఒక్క ప్రశ్న

ఫోను తెరిచాక కొత్త కార్డు కనబడిందని పైన నోటిఫికేషన్ వస్తుంది. సెటప్ నొక్కితే కొన్ని ఫోన్లు ఒక ప్రశ్న అడుగుతాయి: దీన్ని ఫోను స్టోరేజ్‌గా వాడాలా, పోర్టబుల్ స్టోరేజ్‌గా (తీసి వేరే చోట పెట్టుకోగలిగేదిగా) వాడాలా? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మొదటిది నొక్కితే ఫోను పెద్దదవుతుందని ఆశ పుడుతుంది.

2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన సదుపాయం ఇది. మొదటిది ఎంచుకుంటే ఫోను కార్డును మొత్తం తుడిచి, తనకు మాత్రమే అర్థమయ్యేలా తాళం వేసి, తన స్టోరేజ్‌లో కలిపేసుకుంటుంది. తాళం చెవి ఆ ఫోనులోనే ఉంటుంది. ఆ కార్డును తీసి మరో ఫోనులో పెట్టినా, కంప్యూటర్లో పెట్టినా ఖాళీగానో, ఫార్మాట్ చేయమనో కనబడుతుంది. ఫోను నీళ్లలో పడి చచ్చిపోయిందా, కార్డులోవీ దానితో పోయినట్టే. ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసినా (అన్నీ తుడిచి కొత్తదానిలా మార్చినా) చెవి పోతుంది.

అంతే కాదు. ఫోను లోపలి చిప్పుతో పోలిస్తే కార్డు చాలా నెమ్మది. యాప్‌లు కార్డు మీద నుంచి నడిస్తే ప్రతిదీ తెరుచుకోవడానికి తటపటాయిస్తుంది. యాప్‌లు ఊరికే ఉండవు, క్షణక్షణం ఏదో ఒకటి రాస్తూ ఉంటాయి. కార్డులోని ప్రతి గడిని ఇన్నిసార్లే తుడిచి రాయగలం. రోజంతా అలా రాపిడి పడితే కార్డు త్వరగా అరిగిపోతుంది. పదహారు జీబీల పాత ఫోనుతో ఎలాగోలా నెట్టుకొస్తున్నవారికి తప్ప ఈ దారి నేను ఎవరికీ చెప్పను. శామ్‌సంగ్ ఫోన్లు సెట్టింగ్స్‌లో ఈ ప్రశ్న అడగకుండా నేరుగా పోర్టబుల్‌గానే పెడతాయి. ఈ విషయంలో వాళ్లదే సరైన నిర్ణయం.

కాబట్టి పోర్టబుల్ నొక్కండి. పాత కార్డయితే ముందు అందులోవి వేరే చోట దాచి, ఈ ఫోనులోనే ఒకసారి ఫార్మాట్ చేయండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి, ఎస్డీ కార్డు ఎంచుకుని, పైన మూడు చుక్కల్లో చూస్తే ఫార్మాట్ ఉంటుంది. కంప్యూటర్లో చేసిన ఫార్మాట్ కన్నా ఫోను తన చేతులతో చేసుకున్నది ఆ ఫోనుకు సరిగ్గా కుదురుతుంది.

కెమెరాకు దారి చూపించడం

కెమెరా యాప్ తెరిచి, పళ్ల చక్రం గుర్తు నొక్కండి. కిందికి వెళ్తే స్టోరేజ్ లొకేషన్ అని ఉంటుంది. ఎస్డీ కార్డు ఎంచుకోండి. ఇకపై తీసే ఫొటోలు కార్డులోని డీసీఐఎం ఫోల్డర్లోకి వెళ్తాయి. కార్డు తీసేస్తే ఈ సెట్టింగ్ దానంతటదే ఫోనుకు మారిపోతుంది. కార్డు మళ్లీ పెట్టినప్పుడు ఒకసారి చూసుకోండి. వరుసగా గబగబా తీసే ఫొటోలను, 4కే వీడియోలను కొన్ని ఫోన్లు కార్డు వద్దని తమలోనే దాచుకుంటాయి. అది తప్పు కాదు.

గూగుల్ ఫొటోస్ వాడేవారు మరో సెట్టింగ్ చూడాలి. అందులో బ్యాకప్ చేయాల్సిన ఫోల్డర్ల జాబితా ఉంటుంది. కార్డులో మీరు కొత్తగా చేసిన ఫోల్డర్ దానంతటదే అందులో చేరదు. చేర్చకపోతే అందులోని ఫొటోలు కార్డులో తప్ప ఎక్కడా ఉండవు.

యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై లాంటి యాప్‌లలో డౌన్‌లోడ్‌లను కార్డులో దాచే సెట్టింగ్ ఉంటుంది. బస్సులో హైదరాబాద్ వెళ్లేవారికి అది చాలా పనికొస్తుంది. అవి ఆ యాప్‌లోనే ఆడతాయి, కార్డు తీసి పక్కవారికి ఇస్తే ఆడవు.

పాతవాటిని తరలించడం, వాట్సాప్ సంగతి

గూగుల్ ఫైల్స్ యాప్ గానీ, మీ ఫోనుతో వచ్చిన ఫైల్ మేనేజర్ గానీ తెరవండి. ఒక ఫొటో మీద వేలు అదిమిపట్టి, మిగిలినవి ఎంచుకోండి. మూడు చుక్కల్లో ‘మూవ్’, ‘కాపీ’ రెండూ ఉంటాయి. కాపీ నొక్కండి. మూవ్ నడుస్తుండగా ఛార్జింగ్ అయిపోయినా, కార్డు కదిలినా కొన్ని ఇటూ, అటూ లేకుండా పోవచ్చు. కాపీ అయ్యాక కార్డులో నాలుగైదు తెరిచి చూసి, ఆ తర్వాతే ఫోనులోవి తుడవండి. ఒక్కసారే అన్నీ కాకుండా నెల ప్రకారం చేయండి. ‘2024 మేడారం’, ‘2024 బతుకమ్మ’ అని ఫోల్డర్లకు పేర్లు పెడితే ఏడాది తర్వాత వెతుక్కునే పని తప్పుతుంది.

కార్డులో ‘ఆండ్రాయిడ్’ అనే ఫోల్డర్ దానంతటదే పుడుతుంది. అందులో మీ సొంత ఫైళ్లు పెట్టకండి. ఏదైనా యాప్‌ను తీసేస్తే, అక్కడున్న దాని ఫోల్డర్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక మన ఇళ్లలో ఫోను నింపేది ప్రధానంగా వాట్సాప్. పొద్దున్నే వచ్చే శుభోదయాలు, భద్రకాళి అమ్మవారి అలంకారాలు, ఒకే వీడియో ఆరు గ్రూపుల్లో ఆరుసార్లు. కార్డు పెట్టినంత మాత్రాన ఇవి అందులోకి పోవు. వాట్సాప్ తన ఫొటోలను, వీడియోలను ఫోను లోపలే దాచుకుంటుంది, కార్డుకు మార్చే సెట్టింగ్ ఇవ్వలేదు. కాబట్టి ముందు చెత్త ఊడ్చండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరుగా చూపిస్తుంది. మా పెద్దమ్మ ఫోనులో ఆ రెండు జాబితాలు తుడిస్తేనే పదకొండు జీబీల చోటు వచ్చింది. కార్డు కొందామని వచ్చిన ఆమె కొనకుండానే వెళ్లిపోయింది. అక్కడే ఆటోమేటిక్ డౌన్‌లోడ్ కూడా ఆపేస్తే మీరు నొక్కినవే దిగుతాయి.

ఉంచుకోవాల్సినవి మిగిలితే ఫైల్ మేనేజర్‌లో ఇంటర్నల్ స్టోరేజ్, ఆండ్రాయిడ్, మీడియా, వాట్సాప్ పేరున్న ఫోల్డర్, అలా లోపలికి వెళ్తే ఇమేజెస్, వీడియో ఫోల్డర్లు దొరుకుతాయి. వాటిలో సెంట్ అని మరో ఫోల్డర్ ఉంటుంది. మీరు పంపినవాటి రెండో నకళ్లు అవి. అక్కడి నుంచి కార్డులోకి తరలించిన ఫొటో చాట్‌లో మళ్లీ తెరుచుకోదు, మసకగా కనబడుతుంది. ఫొటో మాత్రం కార్డులో క్షేమంగా ఉంటుంది. డేటాబేసెస్ అనే ఫోల్డర్‌ను మాత్రం ముట్టుకోకండి, అందులో ఉన్నది మీ చాట్‌ల బ్యాకప్.

తీయడం, మొరాయించడం

కార్డును ఊరికే లాగేయకూడదు. ఫోను ఏదో రాస్తున్న క్షణంలో లాగితే ఆ ఒక్క ఫైలే కాదు, కార్డులో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా చెడవచ్చు. సెట్టింగ్స్, స్టోరేజ్, ఎస్డీ కార్డు, మూడు చుక్కలు, ఎజెక్ట్. కొన్ని ఫోన్లలో అన్‌మౌంట్ అని ఉంటుంది. ఆ తర్వాతే పిన్ను తీయండి. ఇవేవీ గుర్తు లేకపోతే ఫోను ఆపేసి తీయండి, అదీ సురక్షితమే.

ఒక రోజు ఫోను ‘కార్డు దెబ్బతిన్నది, ఫార్మాట్ చేయాలా?’ అని అడగవచ్చు. కంగారులో అవును నొక్కేస్తారు చాలామంది. నొక్కకండి. ఫోను ఆపి, కార్డు తీసి, బంగారు పట్టీలను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. కాకపోతే రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కు తగిలించండి. అదీ ఫార్మాట్ అడిగితే రద్దు చేయండి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం పట్టిక చెడినా కార్డును మూల మూలలా వెతికి ఫొటోలు బయటికి తీస్తుంది. ఫైళ్ల పాత పేర్లు పోతాయి, ఫొటోలు మాత్రం వస్తాయి. తీసినవి కంప్యూటర్లోనే దాచండి, అదే కార్డులోకి తిరిగి రాయకండి. పొరపాటున తుడిచేసినవాటికీ ఇదే మందు, అయితే తుడిచాక ఆ కార్డుతో కొత్త ఫొటో ఒక్కటి కూడా తీయకూడదు. కొత్తది వచ్చి పాతదాని చోటులో కూర్చుంటే ఎవరూ ఏమీ చేయలేరు. నా జాతర కార్డుకు ఇవన్నీ చేసి చూశాను. అసలు రాయనే రాయనివాటిని ఫొటోరెక్ మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇంకో లక్షణం గమనించండి. ఫొటోలు తుడిచారు, పోయాయి. ఫోను ఆపి మళ్లీ వేశారు, అవన్నీ తిరిగి ప్రత్యక్షమయ్యాయి. దయ్యం కాదు. కార్డు వయసు అయిపోయి, ఇక రాయనని మొండికేసింది. చదవడం మాత్రం చదువుతోంది. అది మీకు దొరికిన ఆఖరి అవకాశం. ఆ రోజే అన్నీ వేరే చోటికి కాపీ చేసుకుని కార్డును పక్కన పెట్టేయండి.

చాలామంది కార్డులోకి మార్చాం కాబట్టి భద్రంగా ఉన్నాయనుకుంటారు. మార్చినప్పుడు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాయి, అంతే. ఉన్నది ఇప్పటికీ ఒక్క నకలే. మళ్లీ దొరకని ఫొటోలు కార్డుతో పాటు కంప్యూటర్లోనో, గూగుల్ ఫొటోస్‌లోనో, ఇంకో కార్డులోనో కూడా ఉండాలి. ఆ రెండోది బీరువాలో పెట్టి మరిచిపోకండి, ఏడాదికోసారైనా తీసి తెరిచి చూడండి. ఇలాంటి చిప్పుల్లో సమాచారం విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే అది మెల్లగా కారిపోవచ్చు.

పరాయి చేతికి పోయేటప్పుడు

పోర్టబుల్ కార్డుకు తాళం ఉండదు. ఫోనుకు ఎంత గట్టి పిన్ పెట్టినా, కార్డు తీసి మరో ఫోనులో పెడితే అన్నీ కనబడతాయి. అందుకే ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకాల ఫొటోలు కార్డులో పెట్టకండి, ఫోనులోనే ఉంచండి. శామ్‌సంగ్ ఫోన్లలో కార్డుకు తాళం వేసే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంది, కానీ ఫోను పోతే ఆ కార్డూ అక్కరకు రాదని గుర్తుంచుకోండి. ఫోనును రిపేరుకు ఇచ్చేటప్పుడు సిమ్‌తో పాటు కార్డునూ తీసుకుని జేబులో వేసుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ చేసే ముందూ అంతే.

పాత కార్డును ఎవరికైనా ఇవ్వాలంటే మామూలు ఫార్మాట్ చాలదు. ఇందాక చెప్పిన ఫొటోరెక్ మీకు ఎంత సాయపడుతుందో, అవతలివాడికీ అంతే సాయపడుతుంది. ఫార్మాట్ చేశాక ఎవరు చూసినా ఫర్వాలేని పాటలో, సినిమాలో నిండా ఎక్కించి, మళ్లీ ఒకసారి ఫార్మాట్ చేసి ఇవ్వండి. చెడిపోయి అసలు తెరుచుకోని కార్డయితే కత్తెరతో అడ్డంగా రెండు ముక్కలు చేయండి. నా జాతర కార్డును అలాగే చేశాను.